పాత జీపు, కంప్యూటరు ఇంజను: కేబులు స్పీడోమీటరును అమర్చుకొను విధానము

ఆదిలాబాద్ ప్రాంతమున జీపు రైతుకు కొత్త వస్తువు కాదు. ఉట్నూరు, నార్నూరు, జైనూరు వైపు అడవి బాటలలో వానకాలపు బురదను, వాగులలోని రాళ్లను దాటవలెనన్న నాలుగు చక్రములకును బలము అందు బండి కావలెను. ఇట్టి పాత జీపులలో చట్రము, ఇరుసులు గట్టిగానే ఉండి, ఇంజను మాత్రము అరిగిపోవుట తరచుగా చూచుచున్నాము. అప్పుడు కొందరు కంప్యూటరు అదుపులో నడచు ఇంజనును, గేరుపెట్టెను తెచ్చి పాత చట్రముపై బిగించుకొనుచున్నారు. బండి చక్కగా నడచును. కాని ముందరి పలకపై ఉన్న పాత స్పీడోమీటరు ముల్లు కదలదు, లేదా తప్పు వేగము చూపును. కారణమేమన, పాత మీటరు తిరుగు కేబులును కోరును. కొత్త గేరుపెట్టె విద్యుత్ సంకేతమును మాత్రమే ఇచ్చును.

మీటరు లేకున్నను బండి నడచును గదా అని ఊరుకొనరాదు. నిర్మల్, ఆదిలాబాద్‌ల మధ్య మహబూబ్ ఘాటు దిగునపుడు బండిలో బరువుండిన, వేగము ఎంత పెరిగినదో చెవికి తెలియదు. పాత ఇంజను మోతకు అలవాటుపడిన చెవికి కొత్త ఇంజను నిశ్శబ్దము మరింత మోసము చేయును. ఆయిలు మార్చు గడువు, డీజిలు ఖర్చు, బాడుగ లెక్క కూడ కిలోమీటర్ల అంకెపైననే ఆధారపడును. కావున ఈ రెండింటిని కలుపు విధానమును, అందలి లెక్కను ఇచట వివరించుచున్నాము.

ముందుగా ఒక మాట. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము, బండి రిజిస్ట్రేషన్ పత్రములో ఉన్న వివరములకు భిన్నముగా మార్పులు చేయరాదు. ఇంజను మార్చదలచినవారు రవాణా శాఖ రిజిస్ట్రేషన్ అధికారిని ముందుగానే కలిసి, ఏ మార్పునకు అనుమతి లభించునో తెలిసికొని, ఆ తరువాతనే డబ్బు వెచ్చించవలెను. పత్రములో లేని ఇంజనుతో తిరుగు బండికి ప్రమాదము జరిగిన, బీమా సొమ్ము విషయమున చిక్కులు వచ్చును.

పాత మీటరు ఎట్లు పనిచేయును

స్పీడోమీటరు పెట్టెలో నిజమునకు రెండు యంత్రములు కలవు. ఒకటి వేగమును చూపు ముల్లు. రెండవది దూరమును చూపు అంకెల చక్రములు. రెండింటిని ఒకే కేబులు త్రిప్పును.

కేబులు కొన మీటరు లోపల ఒక చిన్న అయస్కాంతమును త్రిప్పును. దానిని తాకకుండ దానిపై అల్యూమినియము గిన్నె ఒకటి బోర్లించి ఉండును. అయస్కాంతము తిరుగునపుడు గిన్నెలో విద్యుత్ సుడులు పుట్టి, గిన్నెను తమతో లాగును. వెంట్రుకవంటి స్ప్రింగు దానిని వెనుకకు పట్టును. ఈ లాగుడు, పట్టుడు సమమైన చోట ముల్లు నిలుచును. కేబులు రెట్టింపు వేగముతో తిరిగిన ముల్లు రెట్టింపు దూరము జరుగును. ఈ పద్ధతికి జర్మనీలో ఓటో షుల్జె 1902లో పేటెంటు పొందెను. శతాబ్దము దాటినను మూలసూత్రము మారలేదు.

అంకెల చక్రములకు అయస్కాంతముతో పని లేదు. అవి కేబులు చుట్లను పళ్లచక్రముల ద్వారా లెక్కించును, అంతే. ఈ భేదమును రైతులు గుర్తుంచుకొనవలెను. తరువాత తప్పు ఎచట ఉన్నదో కనుగొనుటకు ఇదియే ఆధారము.

ప్రతి మీటరునకు ఒక స్థిరమైన అంకె కలదు: ఒక కిలోమీటరు చూపుటకు కేబులు ఎన్ని చుట్లు తిరుగవలెను? మైళ్లలో చూపు అనేక పాత మీటర్లు మైలుకు 1000 చుట్ల లెక్కన తయారైనవి. మైలు 1.609 కిలోమీటర్లు కావున, ఇది కిలోమీటరుకు సుమారు 621 చుట్లు అగును. జపాను పద్ధతి మీటర్లు కిలోమీటరుకు 637 చుట్లు కోరును. కొన్ని మీటర్ల ముఖముపై ఈ అంకె చిన్న అక్షరములలో ముద్రించబడి ఉండును.

కంప్యూటరు బండి వేగమును ఎట్లు తెలిసికొనును

కొత్త గేరుపెట్టెలో కేబులుకు బదులు సెన్సారు ఉండును. పళ్ల చక్రము దాని ముందు తిరుగునపుడు ప్రతి పంటికి ఒక విద్యుత్ స్పందన పుట్టును. కంప్యూటరు ఆ స్పందనలను లెక్కించి వేగము గ్రహించును. ఈ సమాచారము మీటరు కొరకు మాత్రమే కాదు. గేరు ఎప్పుడు మార్చవలెను, డీజిలు ఎంత పోయవలెను, బండి నిలుచునపుడు ఇంజనును ఎట్లు నిలకడగా ఉంచవలెను అను విషయములకు కూడ కంప్యూటరు దీనినే చూచును. సెన్సారు తీసివేసినచో హెచ్చరిక దీపము వెలుగును. ఆటోమేటిక్ గేర్లు సరిగా మారవు. కొన్ని బండ్లలో ఇంజను బలము తగ్గించుకొని మెల్లగా మాత్రమే నడచును. కావున పాత మీటరు కొరకు కంప్యూటరు సెన్సారును పీకివేయుట ఎన్నటికిని తగదు.

ఇంకొక చిక్కు కలదు. ఇటీవలి బండ్లలో కొన్నిటికి గేరుపెట్టె వద్ద వేగపు సెన్సారే ఉండదు. చక్రముల వద్ద నుండు బ్రేకు సెన్సార్ల నుండి కంప్యూటరు వేగము తెలిసికొనును. ఆ వార్త రెండు పెనవేసిన తీగలపై సంకేత భాషలో వచ్చును. పాత జీపు చక్రములకు అట్టి సెన్సార్లు లేవు. అట్టి ఇంజను తెచ్చినచో మీటరే కాదు, ఇంజనే సరిగా నడువక పోవచ్చును. కావున ఇంజను కొనకముందే మిస్త్రీని ఈ ప్రశ్న అడుగవలెను: "దీనికి వేగపు సంకేతము ఎచటినుండి వచ్చును?"

ముందుగా కొలువవలసిన మూడు అంకెలు

1. చక్రపు చుట్టుకొలత: బండిలో రోజువారీ బరువు వేసి, టైర్లలో సరియైన గాలి ఉంచవలెను. వెనుక టైరుపై సుద్దతో గీత గీసి, నేలపై గుర్తు పెట్టి, చక్రము పది చుట్లు తిరుగువరకు బండిని తిన్నగా త్రోయవలెను. నడచిన దూరమును టేపుతో కొలిచి పదిచే భాగింపవలెను. ఖాళీ బండి టైరును నిలువుగా కొలిచి లెక్కవేసిన అంకె సరికాదు. బరువు పడినపుడు టైరు అణగును.

2. వెనుక ఇరుసు నిష్పత్తి: ప్రొపెల్లరు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిన చక్రము ఒక చుట్టు తిరుగును? రెండు వెనుక చక్రములను పైకెత్తి, రెండింటిని కలిపి ఒక చుట్టు త్రిప్పి, షాఫ్టు చుట్లను లెక్కించవలెను. ఒక చక్రమును మాత్రమే ఎత్తిన, డిఫరెన్షియలు వలన లెక్క మారును; అప్పుడు ఎత్తిన చక్రమును ఒకటి కాదు, రెండు చుట్లు త్రిప్పవలెను. ఇచట పొరపడినవారికి నిష్పత్తి సగమే వచ్చును. బండి క్రింద పని చేయునపుడు జాకీని మాత్రమే నమ్మరాదు. గట్టి దిమ్మెలు పెట్టి, నేలపై ఉన్న చక్రములకు ముందు వెనుక రాళ్లు ఉంచవలెను.

3. మీటరు అంకె: ముఖముపై ముద్రించి లేకున్నచో మీటరును తీసి, వెనుక చదరపు రంధ్రములో సరిపోవు కడ్డీ పెట్టి, అది తిరుగవలసిన దిక్కుననే చేతితో మెల్లగా త్రిప్పవలెను. కిలోమీటరులో పదవ వంతు చూపు చివరి అంకె ఒక స్థానము జరుగుటకు ఎన్ని చుట్లు పట్టెనో లెక్కించి, పదిచే హెచ్చింపవలెను. 62 చుట్లు పట్టిన, కిలోమీటరుకు 620.

లెక్క వేయు విధము

ఒక రైతు జీపునకు ఈ కొలతలు వచ్చినవనుకొందము: చక్రము ఒక చుట్టుకు 2.2 మీటర్లు, ఇరుసు పళ్లు 43, 8, అనగా నిష్పత్తి 5.375, మీటరు అంకె 620.

కిలోమీటరుకు చక్రము తిరుగు చుట్లు: 1000 ÷ 2.2 = 454.5.

కిలోమీటరుకు ప్రొపెల్లరు షాఫ్టు చుట్లు: 454.5 × 5.375 = 2443.

మీటరుకు కావలసినవి 620 మాత్రమే. అనగా షాఫ్టు సుమారు నాలుగు చుట్లు తిరిగిన కేబులు ఒక చుట్టు తిరుగవలెను. షాఫ్టుపై నాలుగు మరల పురి గేరు ఉండి, కేబులు వైపు 16 పళ్ల పినియను వేసిన, కేబులు 2443 × 4 ÷ 16 = 611 చుట్లు తిరుగును. ఇది 620కి నూటికి ఒకటిన్నర తక్కువ, పనికివచ్చును. 15 పళ్ల పినియను వేసిన 651 చుట్లు వచ్చి, మీటరు నూటికి ఐదు ఎక్కువ చూపును. ఒక్క పంటి తేడా ఇంత చేయును. చక్రముల కొలత మార్చినను, ఇరుసు మార్చినను ఈ లెక్కను మరల వేయవలెను.

కలుపుటకు మూడు మార్గములు

మొదటి మార్గము: గేరుపెట్టె కొత్తదైనను, పాత జీపు ట్రాన్స్‌ఫర్ కేసును అట్లే ఉంచుకొన్నచో, కేబులు తగిలించు చోటు సాధారణముగా దానిపై ఉండును. అప్పుడు పాత కేబులునే వాడవచ్చును. పినియను పళ్లు సరిపోనిచో, కేబులు మధ్యలో బిగించు చిన్న నిష్పత్తి పెట్టెను మీటరు మరమ్మతుదారు తయారుచేసి ఇవ్వగలడు. ఖర్చు తక్కువ, చెడిపోవు భాగములు తక్కువ. వీలున్నంతవరకు ఇదియే మేలు.

రెండవ మార్గము: కంప్యూటరుకు కూడ వేగపు స్పందనలు కావలసి, కొత్త గేరుపెట్టెలో సెన్సారు లేనిచో, కేబులు మొదట్లో నడిమి సెన్సారును బిగించవచ్చును. కేబులు దాని గుండా పోయి మీటరును త్రిప్పును. పోవునపుడు చుట్టుకు 4 గాని 8 గాని స్పందనలను కంప్యూటరుకు పంపును. పై లెక్కలో 8 స్పందనల సెన్సారు వేసిన కిలోమీటరుకు 611 × 8 = 4888 స్పందనలు వచ్చును. కంప్యూటరు తాను పుట్టిన బండి లెక్క ప్రకారము వేరొక అంకెను ఎదురుచూచుచుండును. రెండును కలియనిచో కంప్యూటరులో ఆ అంకెను మార్పించవలెను, లేదా స్పందనలను మార్చు చిన్న పెట్టెను మధ్యలో ఉంచవలెను.

మూడవ మార్గము: కేబులు తగిలించు చోటే లేనపుడు మోటారు పెట్టెను వాడవలెను. ఇది కంప్యూటరు వైపు నుండి స్పందనలను గ్రహించి, లోపలి చిన్న విద్యుత్ మోటారుతో కేబులును తగిన వేగమున త్రిప్పును. పై మీటరుకు గంటకు 60 కిలోమీటర్ల వద్ద నిమిషమునకు 620 చుట్లు, 36 కిలోమీటర్ల వద్ద 372 చుట్లు కావలెను. నిష్పత్తిని మీటలతో సరిదిద్దవచ్చును గనుక పినియను వెదకు పని లేదు. ధర ఎక్కువ, నీరు, దుమ్ము తగులని చోట బిగించవలెను.

సెన్సారు తీగను పంచుకొనునపుడు జాగ్రత్త అవసరము. మూడు తీగల సెన్సారులో ఒకటి కరెంటు, ఒకటి భూమి, ఒకటి సంకేతము. రెండు తీగల సెన్సారు తానే స్వల్ప విద్యుత్తును పుట్టించును. దాని తీగకు నేరుగా మరియొక పరికరమును తగిలించిన సంకేతము బలహీనపడి కంప్యూటరు తప్పు లెక్క వేయును. అట్టి చోట కంప్యూటరు నుండి మీటరు కొరకు వచ్చు ప్రత్యేక తీగనే వాడవలెను.

నాలుగు చక్రముల బండిలో మరొక విషయము ముఖ్యము. సెన్సారు గాని కేబులు గాని ట్రాన్స్‌ఫర్ కేసు తరువాతి షాఫ్టు నుండి ఆధారము పొందవలెను. గేరుపెట్టె వద్దనే తీసికొన్నచో మామూలు గేరులో సరిగా చూపినను, బురదలో తక్కువ గేరు వేసినపుడు వేగము, దూరము దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ చూపవచ్చును.

కేబులు బిగించునపుడు

కేబులును బిర్రుగా వంచరాదు. వంపు వ్యాసార్ధము జానెడు కంటె తక్కువ కాకూడదు. పొగగొట్టము దగ్గర నుండి పోనీయరాదు. లోపలి తీగకు క్రింది భాగమున పలుచగా గ్రీజు పూసి, మీటరు వైపు జానెడు భాగమును పొడిగా వదలవలెను. లేనిచో గ్రీజు పైకి ఎక్కి అయస్కాంతపు గిన్నెను పట్టును. కేబులు తిరుగు దిక్కును కూడ చూడవలెను. తప్పు దిక్కున తిరిగిన తీగ పేట విడును, ముల్లు సున్నా క్రిందికి పోవును. నడుపునపుడు ముల్లు వణకుచున్నచో సాధారణముగా అది కేబులు పొడిబారుటకు గాని, వంపు ఎక్కువగుటకు గాని గుర్తు.

రోడ్డుపై పరీక్ష

లెక్క ఎంత బాగున్నను రోడ్డుపై చూడనిది నమ్మరాదు. 44వ జాతీయ రహదారిపై రద్దీ లేని వేళ, సమతలముగా ఉన్న చోట, కిలోమీటరు రాళ్లను ఆధారము చేసికొని పరీక్షించవచ్చును. నడుపువాడు రోడ్డునే చూడవలెను. గడియారము, రాళ్లు చూచుటకు ప్రక్కన వేరొకరు కూర్చుండవలెను.

ముల్లును 36 వద్ద నిలుకడగా ఉంచి ఒక కిలోమీటరు పోవలెను. సరిగా 100 సెకన్లు పట్టిన మీటరు నిజము చెప్పుచున్నది. 110 సెకన్లు పట్టిన బండి నిజవేగము గంటకు 32.7 కిలోమీటర్లు మాత్రమే. మీటరు ఎక్కువ చూపుచున్నది. 90 సెకన్లకే చేరిన నిజవేగము 40; మీటరు తక్కువ చూపుచున్నది. ఇది ప్రమాదకరమైన తప్పు. పోవునపుడు ఒకసారి, వచ్చునపుడు ఒకసారి చూచి సగటు తీయవలెను. పిమ్మట పది రాళ్ల దూరము నడిపి అంకెల చక్రములను సరిచూడవలెను.

ఫలితమును ఇట్లు అర్థము చేసికొనవలెను. ముల్లు, అంకెలు రెండును ఒకే పాళ్లలో తప్పినచో నిష్పత్తి తప్పినది. పినియను గాని, పెట్టె అమరిక గాని మార్చవలెను. అంకెలు సరిగా ఉండి ముల్లు మాత్రమే తప్పినచో అయస్కాంతమో, స్ప్రింగో అలసినది. మీటరును మరమ్మతుకు పంపవలెను. ఈ రెండవ తప్పును పినియను మార్చి దిద్దబోయిన, ముల్లు సరియగును గాని అంకెలు చెడును. ఈ పొరపాటు వలన డబ్బు, కాలము వ్యర్థమగును.

కొత్త అమరిక మొదలైన దినమున మీటరుపై ఉన్న అంకెను, తేదీని నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. బండి అమ్మునపుడు ఆ పుటను కొనువానికి చూపుట ధర్మము.

ట్రాక్టరు గల రైతులకు

పాత ట్రాక్టర్లపై గల కేబులు మీటరు ఇంజను నుండి తిరుగును. అది ఇంజను చుట్లను, గంటలను చూపును. నేలపై వేగమును నేరుగా కొలువదు. ఆ గంటలు కూడ ఇంజను నిర్ణీత వేగమున నడచినపుడే గడియారముతో సరిపోవును. సగము వేగమున గంట నడిపిన, మీటరులో అరగంటయే పడును. కొత్త ఎలక్ట్రానిక్ మీటర్లు సాధారణముగా గడియారపు గంటలనే లెక్కించును. 50 హార్స్‌పవరుకు మించిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు 2023 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన పిదప, ఆ తరగతిలో కంప్యూటరు ఇంజన్లు పెరిగినవి. ఆయిలు మార్చు గడువును పాత అలవాటు ప్రకారము కాక, ఆ ట్రాక్టరు పుస్తకములో ఉన్నట్లు పాటించవలెను.

మందు చల్లునపుడు మీటరును మాత్రమే నమ్మరాదు. తడి నల్లరేగడిలో చక్రములు జారును. చేనులోనే 30 మీటర్ల దూరమున రెండు గూటములు పాతి, పని చేయు గేరులో ఆ దూరమునకు పట్టు సెకన్లను చూడవలెను. 108ని ఆ సెకన్లచే భాగించిన, గంటకు కిలోమీటర్లు వచ్చును. 27 సెకన్లయిన 4 కిలోమీటర్లు. ఆరు మీటర్ల వెడల్పున నిమిషమునకు 12 లీటర్లు చల్లు యంత్రము ఆ వేగమున హెక్టారుకు 300 లీటర్లు, అనగా ఎకరమునకు సుమారు 121 లీటర్లు చల్లును. వేగము 5 కిలోమీటర్లయిన హెక్టారుకు 240 లీటర్లే పడును. నీటితో పాటు మందు కూడ ఐదవ వంతు తగ్గును. పత్తిపై పురుగు చావలేదని మందును నిందించుటకు ముందు ఈ లెక్క చూచుకొనవలెను.

ముఖ్యాంశములు

కంప్యూటరు సెన్సారును తీసివేయరాదు. చక్రము, ఇరుసు, మీటరు ఈ మూడింటి అంకెలను స్వయముగా కొలిచి వ్రాసికొని మిస్త్రీ వద్దకు పోవలెను. ట్రాన్స్‌ఫర్ కేసు తరువాతనే ఆధారము తీసికొనవలెను. పని పూర్తయిన పిదప గడియారముతో, కిలోమీటరు రాళ్లతో పరీక్షించక డబ్బు చెల్లింపరాదు. టైర్లు మార్చిన ప్రతిసారియు ఈ పరీక్షను మరల చేయవలెను.